టెస్టింగ్ సదస్సులో మాట్లాడాలంటే: బెంగళూరు తెలుగు టెస్టర్లకు ప్రతిపాదన రాయడంపై సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ సదస్సు ఏది జరిగినా భోజన విరామంలో తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. మారతహళ్లి నుంచి, వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చినవాళ్లు పళ్లెం చేతిలో పట్టుకుని, రిలీజు ముందు రాత్రి బయటపడ్డ బగ్గుల గురించి, ఎవరూ నమ్మని ఆటోమేషన్ రిపోర్టుల గురించి తనివితీరా మాట్లాడుకుంటారు. ఆ కబుర్లలో చాలావాటికి వేదిక ఎక్కే అర్హత ఉంది. అయినా ఎక్కడం లేదు. చాలామంది ప్రతిపాదన రాయరు. రాసేవాళ్లలో ఎక్కువమంది తాము చేసిన పనిని పక్కన పెట్టి, ఎక్కడో చదివిన సంగతులు రాస్తారు. ప్రతిపాదనలు చదివి ఎంపిక చేసే సమీక్షకులు వెతికేది మాత్రం మీరు కళ్లారా చూసినదాన్ని. దాన్ని కాగితం మీదికి ఎలా తేవాలో మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి పంపేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నాను.

మొదటి మెట్టు: సదస్సు స్వభావం తెలుసుకోండి

అన్ని సదస్సులూ ఒకటి కావు. బెంగళూరు కేంద్రంగా నడిచే స్టెప్-ఇన్ సమ్మిట్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మొత్తాన్నీ తన పరిధిలోకి తీసుకుంటుంది. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సెలీనియం కాన్ఫ్ 2014, 2016, 2018లలో మన ఊరికి వచ్చింది. దాని చూపంతా బ్రౌజర్ ఆటోమేషన్ మీదే. 2019లో ఇక్కడ జరిగిన ఆపియం కాన్ఫ్ మొబైల్ ఆటోమేషన్ వాళ్లది. అజైల్ ఇండియాలో టెస్టింగ్ ఒక పాయ మాత్రమే, వినేవాళ్లలో డెవలపర్లు, ప్రాడక్ట్ మేనేజర్లు కూడా ఉంటారు. 1993 నుంచి ఐరోపాలో జరుగుతున్న యూరోస్టార్ వక్తలను పిలిచేటప్పుడు ఒక ఇతివృత్తం ప్రకటించి, దానికి దగ్గరగా రమ్మంటుంది. ఒకే అనుభవాన్ని ఈ అయిదింటికీ అయిదు రకాలుగా రాయాల్సి ఉంటుంది. అందుకే ముందు ఒక్కదాన్ని ఎంచుకోండి.

ఎంచుకున్నాక దాని ప్రతిపాదనల ఆహ్వానాన్ని, అందరూ సీఎఫ్‌పీ అనేదాన్ని, తాపీగా చదవండి. ఆఖరి తేదీ ఏ దేశపు కాలమానంలో ఉంది? ప్రసంగాన్ని రికార్డు చేసి బయట పెడతారా? ప్రయాణం, బస ఖర్చు ఎవరిది? ప్రతిపాదన అందరికీ కనిపిస్తుందా, సమీక్షకులకు మాత్రమేనా? పేరు తీసేసి సమీక్షిస్తారా? రికార్డింగ్ గురించి మీ కంపెనీ తప్పకుండా అడుగుతుంది. పేరు తీసేసి చదివే చోట, సారాంశంలో మీ పేరో కంపెనీ పేరో కనిపిస్తే మీకే నష్టం.

ఒక మంచి వనరు ఉంది, మనవాళ్లు దాన్ని తగినంతగా వాడుకోవడం లేదు. సెలీనియం కాన్ఫ్, అజైల్ ఇండియా వంటివి బెంగళూరులో ప్రతిపాదనలను కాన్ఫ్ఇంజిన్ అనే వేదిక ద్వారా తీసుకున్నాయి. అక్కడ పంపిన ప్రతిపాదన అందరికీ కనిపిస్తుంది, కింద సమీక్షకులు అడిగిన ప్రశ్నలు, రాసినవారి జవాబులు కూడా ఉంటాయి. ఒక ఆదివారం కూర్చుని, పాత సంవత్సరాల్లో అంగీకరించినవీ తిరస్కరించినవీ పక్కపక్కన పెట్టి చదవండి. ఏ మాటకు ప్రశ్న వచ్చింది, ఏ వివరం చూసి సమీక్షకుడు మెత్తబడ్డాడు అన్నది అక్కడే తెలుస్తుంది. ఎవరి ఉపన్యాసమూ ఇంత నేర్పదు.

రూపం విషయానికొస్తే, మొదటిసారి అయితే ఇరవై నిమిషాల అనుభవ నివేదిక అడగండి. నలభై, నలభై అయిదు నిమిషాల పూర్తి ప్రసంగానికి పోటీ ఎక్కువ, విషయమూ ఎక్కువ కావాలి. వర్క్‌షాపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. అంత సమయం కూడా భయమనిపిస్తే మెరుపు ప్రసంగాలున్నాయి. ఇంగ్లండులో 2012లో మొదలైన టెస్ట్‌బాష్ సదస్సుల్లో 99 సెకన్ల ప్రసంగాలకు ప్రత్యేకంగా సమయం కేటాయిస్తారు. కొత్తవాళ్లు నోరు విప్పడానికి అదొక చక్కటి ఏర్పాటు.

రెండవ మెట్టు: విషయం మీ బల్ల దగ్గరే ఉంది

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. మా టీంలో అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయితో జరిగిన మాటలు ఇవి.

"అక్కా, నేను చేసేది మామూలు పని. డెలివరీ స్లిప్పు మీద పేర్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూస్తాను. దాని గురించి ఇరవై నిమిషాలు ఎవరు వింటారు?"

"నిన్న నువ్వు రాసిన బగ్ ఏమిటమ్మా?"

"విజయలక్ష్మి అనే పేరు పెడితే చివరి గుడి పోయి 'విజయలక్ష్మ' అని వస్తోంది. గడిలో పది అక్షరాలు పడతాయి కదా, పేరులో అయిదే ఉన్నాయి కదా అంటే డెవలపర్ పదకొండు ఉన్నాయంటున్నాడు."

"ఎవరి లెక్క తప్పు?"

"ఎవరిదీ తప్పు కాదక్కా. అదే నాకు తిక్కగా ఉంది."

ఆ తిక్కలోనే ప్రసంగం ఉంది. ఈ ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్తాను కాబట్టి లెక్క చూడండి. తెలుగు చదివే మనిషికి ఆ పేరులో కనిపించేవి వి, జ, య, ల, క్ష్మి అనే అయిదు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో వ, గుడి, జ, య, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని పదకొండు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కాబట్టి డేటాబేసు దృష్టిలో ముప్పై మూడు. ఇంకో తమాషా కూడా ఉంది. పాఠ్యాన్ని చదువరి అక్షరాలుగా విడగొట్టే యూనికోడ్ నియమం 2023లో వచ్చిన 15.1 వెర్షనులో మారింది. అంతకు ముందటి నియమం ప్రకారం క్, ష్, మి విడివిడిగా లెక్కకొచ్చి మొత్తం ఏడు అవుతాయి. కొత్త నియమంలో క్ష్మి ఒక్కటే, అంటే అయిదు. ఫోనులో పాత లైబ్రరీ, సర్వరులో కొత్తది ఉంటే ఒకే పేరుకు రెండు లెక్కలు. వినేవాళ్లు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మీ దగ్గర ఇలాంటిది ఎక్కడుంటుందో వెతకడానికి కొన్ని చోట్లు చెబుతాను. "మళ్లీ రావడం లేదు" అని మూసేసి, మూడు నెలలకు మళ్లీ తెరిచిన బగ్గులు. టీంలోకి కొత్తగా వచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న. మీరు రాసుకున్న చిన్న స్క్రిప్టును పక్క టీం వాళ్లు అడిగి తీసుకున్న సందర్భం. మీరు ధైర్యం చేసి తీసేసిన టెస్టులు, తీసేశాక ఏమైందన్న సంగతి. ఒకరోజు బాగుండి ఒకరోజు పడిపోయే ఫ్లేకీ టెస్టుతో మీ టీం చేసుకున్న రాజీ. వీటిలో ఏది తీసుకున్నా ఆధారం మీ చేతిలో ఉంటుంది: తేదీ, స్క్రీన్‌షాట్, ముందూ తర్వాతా.

పక్కన పెట్టాల్సినవీ ఉన్నాయి. ఒక టూల్‌ను పొగడటమే పనిగా పెట్టుకున్న ప్రసంగం అమ్మకపు ప్రచారంలా కనిపిస్తుంది, సమీక్షకులు దాన్ని వెంటనే పసిగడతారు. "ఏఐతో టెస్టింగ్ భవిష్యత్తు" వంటి విశాలమైన విషయాలు కుప్పలుగా వస్తాయి. మీ టీంలో ఏఐ రాసిన టెస్ట్ కేసుల్లో ఏవి ఉంచారు, ఏవి తీసేశారు, ఎందుకు అన్నది చెప్పగలిగితే అది వేరే సంగతి, నిస్సంకోచంగా పంపండి.

మూడవ మెట్టు: ఒక్క వాక్యం

ఫారం తెరవకముందే ఒక వాక్యం రాయండి: ఎవరికి, ఏ ఇబ్బందికి, నేను చూసిన ఏ సంగతి ఉపయోగపడుతుంది? మా ఉదాహరణలో ఆ వాక్యం ఇలా తేలింది: "భారతీయ భాషల పేర్లు తీసుకునే యాప్‌లను పరీక్షించేవాళ్లు, పొడవు పరిమితి ఉన్న ప్రతి గడికీ ఎవరి లెక్క వర్తిస్తుందో ముందే తేల్చుకుంటే, పేర్లు తెగిపోవడం రిలీజుకు ముందే దొరుకుతుంది." వాక్యం కుదరకపోతే విషయం ఇంకా పండలేదని అర్థం. మరో వారం ఆగండి. ఇందులో "మరియు"లు మూడు పడితే అది మూడు ప్రసంగాల సరుకు.

నాలుగవ మెట్టు: కంపెనీ అనుమతి ఇప్పుడే అడగండి

చాలామంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు. ఎంపికయ్యాక లీగల్ విభాగం వద్దంటే ప్రసంగం ఉపసంహరించుకోవాలి. నిర్వాహకులు కార్యక్రమ పట్టిక ప్రకటించేశాక అలా చేయడం మీకూ వాళ్లకూ ఇబ్బంది. అందుకే వాక్యం కుదిరిన రోజే మేనేజరుకు చెప్పండి. సర్వీసెస్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మీరు పరీక్షించే సాఫ్ట్‌వేర్ క్లయింటుది, మీ మేనేజరు సరే అన్నంత మాత్రాన సరిపోదు.

అడిగే మెయిలు పొట్టిగా, తేలిగ్గా సరే అనగలిగేలా ఉండాలి. సదస్సు పేరు, తేదీ, ప్రసంగం మూడు వాక్యాల్లో, రికార్డింగు ఉంటుందో లేదో, కంపెనీ పేరు వాడతారో లేదో, క్లయింటు పేరు వాడబోనన్న హామీ, స్లైడ్లు ఫలానా తేదీకి చూపిస్తానన్న మాట. "నేను మాట్లాడవచ్చా" అని మాత్రమే అడిగితే అవతలివాళ్లకు భయమే మిగులుతుంది. ఏమి చెప్పబోరో రాస్తే భయం తగ్గుతుంది.

ఆధారాలు శుభ్రం చేయడం పెద్ద పని, దాన్ని తక్కువ అంచనా వేయకండి. స్క్రీన్‌షాట్‌లో బ్రౌజరు చిరునామా గడిని చూడండి, అందులో అంతర్గత సర్వరు పేరు ఉంటుంది. బగ్ నంబరు ముందుండే ప్రాజెక్టు సంక్షిప్తం క్లయింటును పట్టిస్తుంది. లాగ్‌లలో ఫోను నంబర్లు, చిరునామాలు ఉంటాయి. అవి నిజమైన మనుషులవైతే స్లైడు మీద పెట్టడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్న దేశంలో ఆటలాడుకునే విషయం కాదు. పైన నల్లరంగు పూయడం కన్నా, అదే లోపాన్ని ఒక చిన్న నమూనా పేజీలో మళ్లీ సృష్టించి దాన్ని చూపించడం నాకు ఎప్పుడూ మేలనిపిస్తుంది. మా పేర్ల ఉదాహరణకు పది వరుసల స్క్రిప్టు చాలు. కంపెనీ కోడు ఒక్క అక్షరమైనా బయటికి రాదు.

అయిదవ మెట్టు: సారాంశం

ప్రతిపాదనలో ఎక్కువ శ్రమ ఇక్కడే పెట్టాలి. సమీక్షకులు తమ ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి పిల్లలు పడుకున్నాక, ఒకదాని వెనక ఒకటిగా ప్రతిపాదనలు చదువుతారు. మొదటి మూడు వరుసల్లో ఏదో ఒక నిజమైన వస్తువు కనిపించాలి. సాధారణంగా వచ్చే సారాంశం ఇలా ఉంటుంది:

"నేటి వేగవంతమైన డిజిటల్ యుగంలో నాణ్యత ఎంతో కీలకం. స్థానిక భాషల అప్లికేషన్ల పరీక్షలో అనేక సవాళ్లు ఎదురవుతున్నాయి. ఈ ప్రసంగంలో ఆ సవాళ్లను, ఉత్తమ విధానాలను, అందుబాటులో ఉన్న సాధనాలను వివరిస్తాను."

ఇందులో తప్పేమీ లేదు, మనిషీ లేడు. ఎవరైనా ఎక్కడి నుంచైనా రాయగలరు. ఏ సవాళ్లు? ఎవరికి ఎదురయ్యాయి? వక్త దగ్గర చెప్పడానికి ఏముందో సమీక్షకుడికి తెలియదు కాబట్టి పక్కన పెడతాడు. 1996లో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కూలిన ఏరియన్ 5 రాకెట్టుతో మొదలుపెట్టడం కూడా ఇలాంటిదే. అది గొప్ప పాఠమే, కానీ టెస్టర్లు దాన్ని వినివిని ఉన్నారు, పైగా అది మీరు చూసిన సంగతి కాదు.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు. పంపేది ఇంగ్లీషులోనే అయినా, ఆలోచన తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను:

"డెలివరీ స్లిప్పు మీద 'విజయలక్ష్మి' పేరు చివరి గుడి లేకుండా అచ్చయింది. గడిలో పది అక్షరాలు పడతాయి. తెలుగు చదివేవారికి ఆ పేరులో కనిపించేవి అయిదు. ప్రోగ్రాం లెక్కలో పదకొండు. డేటాబేసు లెక్కలో ముప్పై మూడు. టెస్ట్ డేటాలో ఇంగ్లీషు పేర్లే ఉన్నందువల్ల ఈ తేడా ఎవరికీ కనబడలేదు. పొడవు పరిమితి ఉన్న గడులన్నిటినీ ఎలా వెతికామో, ప్రతి గడికీ ఏ లెక్క వర్తించాలో డెవలపర్లతో, ప్రింటరు వాళ్లతో ఎలా తేల్చుకున్నామో, ఏ ప్రయత్నం ఫలించలేదో చూపిస్తాను. ఏ భారతీయ భాషా రాని టెస్టరు కూడా వాడుకోగలిగే పేర్ల పట్టిక ఒకటి ఇస్తాను. అనువాద నాణ్యత, ఫాంట్ల ఎంపిక ఈ ప్రసంగంలో ఉండవు."

దీన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మొదటి వాక్యంలో ఒక పేరు, ఒక కాగితం, ఒక లోపం. తర్వాతి నాలుగు వాక్యాల్లో చదివేవాడికి ప్రశ్న పుట్టింది. ఆ తర్వాత కారణం, "ఇంగ్లీషు పేర్లే ఉన్నందువల్ల" అన్నది. ఇది ఇతరుల టీంలలోనూ ఉంటుంది, అందుకే వాళ్లు వింటారు. ఫలించని ప్రయత్నం గురించి చెబుతానన్న మాట నమ్మకం పెంచుతుంది. ఏమి ఉండవో చెప్పిన ఆఖరి వాక్యాన్ని చాలామంది వద్దనుకుంటారు, నేను మాత్రం తప్పక ఉంచమంటాను. హద్దు గీసినవాడికి విషయం మీద పట్టు ఉందని సమీక్షకుడికి అర్థమవుతుంది, వచ్చే శ్రోతకూ నిరాశ ఉండదు.

ముగింపును దాచుకోకండి. "పరిష్కారం ఏమిటో ప్రసంగంలో తెలుసుకోండి" అని ఊరిస్తే సమీక్షకుడు విసుక్కుంటాడు. శ్రోతలకు చూపించే సారాంశం, సమీక్షకులకు మాత్రమే కనిపించే వివరం విడివిడిగా అడిగే ఫారాలు ఉంటాయి. అప్పుడు రెండవ దానిలో అంతా విప్పి చెప్పండి.

ఆరవ మెట్టు: శీర్షిక

సారాంశం పూర్తయ్యాకే శీర్షిక పెట్టండి. "భారతీయ భాషల పరీక్షలో సవాళ్లు" అంటే ఎవరూ ఆగరు. "విజయలక్ష్మిలో ఎన్ని అక్షరాలు?" అంటే ఆగుతారు, కానీ హాలు బయట పట్టిక చూసేవాడికి విషయం తెలియదు. "విజయలక్ష్మిలో ఎన్ని అక్షరాలు? భారతీయ పేర్ల పొడవు పరిమితిని పరీక్షించడం" అంటే రెండూ కుదిరాయి. శీర్షిక ఫోను తెర మీద తెగకుండా కనిపించాలి. ప్రాసల కోసం, సినిమా డైలాగుల కోసం పాకులాడకండి.

ఏడవ మెట్టు: నిమిషాల లెక్క, శ్రోతలకు దక్కేది

ఫారంలో ప్రసంగ నిర్మాణం అని ఒక గడి ఉంటుంది. అందులో పరిచయం, ప్రధానాంశం, ముగింపు అని రాసి వదిలేస్తే ఆలోచించలేదని చెప్పినట్టే. నిమిషాలతో రాయండి:

0–3: స్లిప్పు, బగ్, డెవలపర్ జవాబు.
3–8: ఒకే పేరును నాలుగు రకాలుగా లెక్కించే ప్రత్యక్ష ప్రదర్శన. నెట్ పోతే చూపించడానికి రికార్డింగు సిద్ధం.
8–13: గడులను వెతికిన తీరు, పేర్ల పట్టిక, కుదుర్చుకున్న ఒప్పందం.
13–16: ఎస్సెమ్మెస్‌లో ఎదురుదెబ్బ.
16–20: ప్రశ్నలు.

ఎస్సెమ్మెస్ సంగతి రెండు మాటల్లో. ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాయగానే అది యూనికోడ్ సందేశమై పరిమితి 70 సంకేతాలకు పడిపోతుంది. అది దాటితే ముక్కలవుతుంది, ముక్కకు 67 మాత్రమే. సందేశాలకు డబ్బు ముక్కల లెక్కన కట్టాలి కాబట్టి ఈ మూడు నిమిషాల భాగం మేనేజర్లను కూడా కూర్చోబెడుతుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే తెలుగు అక్షరపు ఒక సంకేత క్రమం ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసిన సంగతి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసిన సంగతి కూడా ప్రసంగంలో ఒకచోట ఇమిడించవచ్చు. దాన్ని ముందు పెట్టకండి. అది వార్త, మీ స్లిప్పు మీ అనుభవం.

శ్రోతలకు ఏం దక్కుతుందో రాసే గడిలో "అవగాహన పెరుగుతుంది" అని రాయవద్దు. సోమవారం ఆఫీసుకు వెళ్లి వాళ్లు చేయగలిగే పని రాయండి. "తమ యాప్‌లో పొడవు పరిమితి ఉన్న గడుల జాబితా తయారు చేయగలరు", "పట్టికలోని పేర్లను తమ టెస్ట్ డేటాలో చేర్చగలరు". ఇలాంటివి రెండు మూడు చాలు. ఎవరి కోసం అన్నచోట "అందరికీ" అని రాస్తే ఎవరికీ కాదని చదువుకుంటారు.

ఎనిమిదవ మెట్టు: మీ పరిచయం, వీడియో

పరిచయం మూడు నాలుగు వాక్యాలు. ఈ విషయం చెప్పడానికి మీరెందుకు తగినవారో అన్నదే అందులో ముఖ్యం. సర్టిఫికెట్ల వరుస అవసరం లేదు. టెస్టర్లకు సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐఎస్‌టీక్యూబీ 2002లో పుట్టింది, ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు హాలు నిండా ఉంటారు. "కొరియర్ యాప్‌లో తెలుగు, కన్నడ, హిందీ ఇన్‌పుట్‌ను పరీక్షిస్తుంది" అన్న ఒక్క వాక్యానికి ఎక్కువ బరువు. మొదటి ప్రసంగమైతే ఆ మాట రాయడానికి వెనుకాడకండి, కొత్త గొంతులను ప్రత్యేకంగా వెతికే నిర్వాహకులు ఉన్నారు.

వీడియో అడిగితే ఫోనుతో రెండు నిమిషాలది తీయండి. వెలుగు ముఖం మీద పడాలి, మాట స్పష్టంగా వినబడాలి. పీజీ గదిలో ఫ్యాను చప్పుడు మాటను మింగేస్తుంది, రెండు నిమిషాలు ఆపేయండి. ఫారంలో రాసినదాన్ని చూసి చదవకుండా, స్లిప్పు కథ చెప్పండి.

తొమ్మిదవ మెట్టు: ఇంగ్లీషు గురించి

చాలామంది తెలుగు టెస్టర్లను నిలిపేసేది ఇదే. అందుకే గట్టిగా చెబుతున్నాను: సమీక్షకులు ఉచ్చారణకు మార్కులు వేయడానికి కూర్చోలేదు. సదస్సులో కూర్చునేవాళ్లలో తమిళులు, కన్నడిగులు, మలయాళీలు, ఒడియా వాళ్లు ఉంటారు. అందరిదీ నేర్చుకున్న ఇంగ్లీషే. వాళ్లకు పొట్టి వాక్యం కావాలి, నిలకడగా చెప్పే మాట కావాలి.

నేను చెప్పే పద్ధతి ఇది. ముందు మొత్తం విషయాన్ని ఇంట్లోవాళ్లకో, టెస్టింగ్ తెలియని స్నేహితుడికో తెలుగులో చెప్పండి. ఎక్కడ "అంటే?" అని అడిగారో గుర్తు పెట్టుకోండి, సారాంశంలో ఆ చోట ఒక వివరం కావాలి. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయండి, వాక్యానికి ఒక్క సంగతి చొప్పున. ఏఐ సాధనాలతో వ్యాకరణం సరిచూసుకోండి, ఇబ్బంది లేదు. సారాంశం మొత్తం దానితో రాయిస్తే మాత్రం స్లిప్పు పోతుంది, విజయలక్ష్మి పోతుంది, "నేటి వేగవంతమైన యుగం" తిరిగి వస్తుంది. సమీక్షకుల ముందు అలాంటివి ఇప్పుడు గుట్టలుగా ఉన్నాయి, ఒకే గొంతుతో.

పదవ మెట్టు: చూపించడం, పంపడం, జవాబివ్వడం

ఇద్దరికి చూపించండి. ఒకరు టెస్టరు, ఒకరు కాదు. "బాగుందా" అని అడగకుండా "ఇది దేని గురించి, ఒక్క వాక్యంలో చెప్పు" అని అడగండి. వాళ్లు చెప్పినది మూడవ మెట్టులో మీరు రాసుకున్న వాక్యానికి దగ్గరగా లేకపోతే మొదటి పేరా మార్చాలి.

ఫారంలో నేరుగా రాయకండి. విడిగా ఒక ఫైలులో రాసి, అక్షరాల పరిమితి చూసుకుని అతికించండి. గడువుకు ఒకటి రెండు రోజుల ముందే పంపండి. ఆఖరి గంటలో పంపితే మెరుగులు దిద్దడానికి ఆస్కారం ఉండదు. ప్రతిపాదన అందరికీ కనిపించే చోటయితే ముందుగా పంపినవాళ్లకు ప్రశ్నలు కూడా ముందుగా వస్తాయి. అది పెద్ద లాభం. ప్రశ్న వచ్చినప్పుడు కింద జవాబు రాసి ఊరుకోకుండా ప్రతిపాదనలోనే మార్పు చేసి, ఏమి మార్చారో చెప్పండి. "ఇది తెలుగు రానివాళ్లకు ఎలా ఉపయోగం?" అని అడిగితే నొచ్చుకోవద్దు. మీ సారాంశం ఆ సంగతి చెప్పలేకపోయిందన్న కబురు అది. కన్నడలోనూ ఆ పేరు పదకొండు సంకేతాలే అవుతుందని చేర్చండి, ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఒకే సదస్సుకు అయిదారు ప్రతిపాదనలు గుమ్మరించకండి. ఒకటి, మహా అయితే రెండు.

పదకొండవ మెట్టు: ఫలితం వచ్చాక

తిరస్కరణ వస్తే కారణం అడగండి, మర్యాదగా, రెండు వాక్యాల్లో. అందరూ చెప్పరు, చెప్పినవాళ్ల మాట విలువైనది. అదే విషయం మీద మరొకరు పంపారనో, ఆ ఏడు ఆటోమేషన్‌కే చోటు ఇచ్చారనో తెలియవచ్చు. అలాంటప్పుడు మార్చాల్సింది మీ విషయాన్ని కాదు, సదస్సును. ఈలోగా కోరమంగళలోనో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో, వైట్‌ఫీల్డ్‌లోనో ఏదో ఒక కంపెనీ ఆఫీసులో శనివారాలు జరిగే టెస్టర్ల సమావేశంలో ఆ ప్రసంగం చేయండి. అక్కడ ఎంపిక ఇంత కఠినంగా ఉండదు, వక్తలు దొరికితే నిర్వాహకులు సంతోషిస్తారు. ఎవరితోనైనా ఫోనులో రికార్డు చేయించుకోండి. అడిగిన ప్రశ్నలు రాసుకోండి. మరుసటి ప్రతిపాదనకు ఆ వీడియో, ఆ ప్రశ్నల వల్ల మెరుగైన సారాంశం, రెండూ మీ చేతిలో ఉంటాయి.

అంగీకారం వస్తే చెప్పిన గడువులోపు ఖాయం చేయండి. మీ రిలీజు తేదీలు చూసుకుని సెలవు రాయించుకోండి, లీగల్ విభాగానికి స్లైడ్లు చూపిస్తానన్న తేదీని క్యాలెండరులో పెట్టుకోండి. సారాంశంలో మాట ఇచ్చినదాన్నే ప్రసంగంలో చెప్పండి. మధ్యలో కొత్త ఆలోచన వచ్చి విషయం పక్కకు జరిగితే నిర్వాహకులకు ముందే రాయండి.

మన భాషల అక్షరాలు స్లైడ్లలో ఉంటే ఇంకొక్క జాగ్రత్త అవసరం. వేదిక మీదున్న లాప్‌టాప్‌లో మీ తెలుగు ఫాంటు ఉండకపోవచ్చు, అప్పుడు విజయలక్ష్మి స్థానంలో డబ్బాలు కనిపిస్తాయి. ఫాంటుతో కలిపి పీడీఎఫ్ చేసి ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి, వీలైతే మీ లాప్‌టాప్‌నే వాడతానని ముందుగా చెప్పి దానికి తగిన అడాప్టరు తీసుకెళ్లండి. ఉదయం టీ సమయంలో హాలు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, పెద్ద తెర మీద ఆ ఒక్క స్లైడు తెరిచి, చివరి వరుసలో నిలబడి గుడి కనిపిస్తోందో లేదో చూసుకోండి.